చందాలిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్

అందరికీ నమస్కారం అండి. ఉమ్మితో చేసే హార్మోన్ టెస్ట్ మీద రీసెర్చ్ కోసం పోయిన నెల మేం చందాలు అడిగాం కదా, అనుకున్న మొత్తం నిన్న రాత్రికి పూర్తయింది, డబ్బు రీసెర్చ్ టీమ్‌కి చేరిందని పొద్దున్నే మెయిల్ కూడా వచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలనే ఉంది కానీ పేరు కూడా రాయకుండా వేసినవాళ్లే ఎక్కువ, అందుకే ఇలా రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం చెప్తాను, మా పాపకి పుట్టుకతోనే సీఏహెచ్ (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా) అనే జబ్బు. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లో ఒక ఎంజైమ్ లోపం, దానివల్ల ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ అనే హార్మోన్ సరిగ్గా తయారవదు, మెదడేమో ఇంకా చెయ్యి ఇంకా చెయ్యి అని ఆ గ్రంథుల్ని తరుముతూనే ఉంటుంది, అవి దానికి బదులు మగ హార్మోన్లు ఎక్కువ చేసేస్తాయి. సుమారు 15,000 మందిలో ఒకరికి వస్తుంది. 1950 నుంచి ట్రీట్‌మెంట్ ఉంది, కానీ ఇప్పటికీ రోజుకి మూడుసార్లు హైడ్రోకార్టిసోన్ మాత్రలే (కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్) ఆధారం.

10 మిల్లీగ్రాముల మాత్రని ప్లేట్‌లో పెట్టి బ్లేడుతో నాలుగు ముక్కలు చేస్తాను, ఒక్కోసారి ఓ ముక్క పొడైపోతుంది, ఆ పొడంతా వేలితో ఒత్తి తీస్తూ ఇందులో ఎంత డోసు పోయిందో అని భయం. డోసు ఎక్కువైతే ఎదుగుదల ఆగిపోతుంది, తక్కువైతే ఎముకలు ముందే ముదిరిపోతాయి, ఎటు తప్పినా పిల్ల పొట్టిగానే మిగిలిపోతుంది. జ్వరమొస్తే డోసు రెండు మూడింతలు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్, లేకపోతే ప్రాణానికే ప్రమాదం.

ఇంత జాగ్రత్తపడి చేసినా సరిపోతోందా లేదా అని చూసేది నెలలకోసారి తీసే బ్లడ్ టెస్ట్‌తోనే, అందులో 17-ఓహెచ్‌పీ (ఈ ఎంజైమ్ లోపం వల్ల ఒంట్లో పేరుకుపోయే హార్మోన్) లెవెల్ పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, ఆ ఒక్క గంట సంగతే తెలుస్తుంది మనకి. అదే ఉమ్మితో అయితే ఇంట్లోనే రోజంతా నాలుగైదు సార్లు తీయొచ్చు. పాపకి చెప్తే "సూది ఉండదా?" అని రెండుసార్లు అడిగింది, చెయ్యి వెనక్కి దాచుకునే.

2024 డిసెంబర్‌లో అమెరికాలో క్రినెసెర్‌ఫాంట్‌కి అనుమతి వచ్చింది, నాలుగేళ్లు దాటినవాళ్లకి స్టెరాయిడ్ డోసు తగ్గించే వీలిచ్చే మందు అది. అరుదైన జబ్బు కదా ఎవరు పట్టించుకుంటారులే అని ఊరుకోకుండా కొందరు ఏళ్లతరబడి పనిచేశారు కాబట్టే వచ్చింది. మీరిచ్చింది కూడా అలాంటి పనికే, చిన్న మొత్తం అండి ఏమనుకోకండి అని మెసేజ్ పెట్టినవాళ్లకి కూడా చెప్తున్నా, మాకది చిన్నది కాదు.

టీమ్ నుంచి శాంపిల్స్ తీయడం మొదలుపెట్టామని కబురు రాగానే ఇక్కడే రాస్తాను. మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫున దండాలు.