‘ఓన్లీ’ ఉన్నచోటే ‘మాత్రమే’ పెడితే అర్థం మారిపోతుంది

సంపాదకుల వారికి నమస్కారం.

మందులతో పాటు ఇచ్చే సూచనల కాగితాలను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చడం నా పని. అందులో నన్ను ఎక్కువగా ఆపేవి పెద్ద పెద్ద వైద్య పదాలు కావు, అందరికీ తెలిసిన ‘ఓన్లీ’. పత్రికల్లో అనువాదాలు చేసేవాళ్లతో, ముఖ్యంగా డెస్కులో కొత్తగా చేరినవాళ్లతో దీని గురించి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’కి క్రియ ముందు చేరడం అలవాటు. ‘ద లైబ్రరీ ఓన్లీ లెండ్స్ బుక్స్ ఆన్ సాటర్‌డేస్’ అన్నారనుకోండి. శనివారం పుస్తకాలు తప్ప పత్రికలు ఇవ్వరనా? పుస్తకాలు శనివారం తప్ప మరో రోజు ఇవ్వరనా? నోటితో చెప్పేటప్పుడు ఏ మాటను ఒత్తి పలికారో దాన్నిబట్టి తెలిసిపోతుంది. అచ్చులో ఆ ఒత్తు వినపడదు.

దీని మీద ఇంగ్లిష్ వాళ్లే చాలాకాలం వాదించుకున్నారు. ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ (నేను మూడు మాటలే మాట్లాడాను) అనకూడదు, ‘ఓన్లీ’ని ‘త్రీ’ పక్కనే పెట్టాలని 18వ శతాబ్దంలో ఇంగ్లిష్ వ్యాకరణం రాసిన బిషప్ రాబర్ట్ లౌత్ అన్నాడు. ‘హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ (అతను పోయి వారమే అయింది) అంటే ఎవరూ పొరబడరు, అలాంటివాటిని సరిదిద్దడం చాదస్తమని ఇంగ్లిష్ వాడుక మీద పుస్తకం రాసిన హెన్రీ ఫౌలర్ 1926లో తేల్చాడు. ఇంగ్లిష్ వరకు నాకు ఫౌలర్ మాటే నచ్చుతుంది. తెలుగులో మాత్రం ఆ వెసులుబాటు లేదు. మన ‘మాత్రమే’ ఏ మాట తర్వాత చేరితే ఆ మాటకే చెందుతుంది.

‘ఓన్లీ టేక్ దిస్ మెడిసిన్ ఆఫ్టర్ ఫుడ్’ అన్న సూచనకు ‘భోజనం తర్వాత ఈ మందు మాత్రమే వేసుకోవాలి’ అన్న అనువాదం నేను కళ్లారా చూశాను. బీపీకో షుగర్‌కో రోజూ మందులు వాడేవాళ్లు అది చదివి మిగతావన్నీ ఆపేస్తే? అక్కడ ఉండాల్సింది ‘ఈ మందు భోజనం తర్వాత మాత్రమే వేసుకోవాలి’. మాటలన్నీ అవే, వాటి చోటు మారిందంతే. ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడ వద్దంటున్నది దేన్ని? వేరే మందునా, వేరే వేళనా? జవాబు దొరికాకే ‘మాత్రమే’ పెడతాను.

‘కేవలం పిల్లలు మాత్రమే కాకుండా పెద్దలు కూడా’ అన్న వరస కూడా ఇంగ్లిష్ నుంచి వచ్చిందే. ‘పిల్లలే కాదు, పెద్దలు కూడా’ అంటే సరిపోతుంది.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు వెళ్లేటప్పుడు చిక్కు ఇంకో రకం. ‘హి ఈజ్ హియర్ ఓన్లీ’ అనేవాళ్లను చూసి నవ్వుతారు. నాకది బాధగా ఉంటుంది. అది తెలివితక్కువ ఇంగ్లిష్ కాదు, ‘ఇక్కడే ఉన్నాడు’ అన్న మన వాక్యమే. అయితే మాట చివర చేరే మన ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ‘రెండు పేజీలే చదివాను’లో మిగతావాటిని తీసేస్తుంది. ‘నువ్వు వెతికే పుస్తకం ఇదే’లో ఒత్తి చెబుతుంది. ఇంగ్లిష్ వాళ్లకు ‘ఓన్లీ’ అంటే ముందుగా తోచేది మొదటి అర్థమే. అందుకే రెండోచోట దాన్ని వాడితే వాళ్లకు వేరేలా వినిపిస్తుంది.

వార్తలు రాసేవాళ్లకు టైమ్ ఉండదని తెలుసు. కనీసం ఆరోగ్యం, పరీక్షలు, ప్రభుత్వ ప్రకటనల వార్తల్లోనైనా, ఇంగ్లిష్ మూలంలో ‘ఓన్లీ’ కనిపిస్తే అచ్చుకు పంపేముందు ఇంకోసారి చదవమని డెస్కుకు చెప్పండి. అప్పటికీ అర్థం తేలకపోతే ప్రకటన పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక అనువాదకురాలు