సాంస్కృతిక విభాగం వార్షిక నివేదిక: ఈ ఏడాది రోరిక్‌ల బాటలో

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం ఎక్కువ సమయం రష్యా నుంచి వచ్చిన రోరిక్ కుటుంబానికే కేటాయించింది. బెంగళూరులోని తెలుగు సంఘానికి రష్యన్ చిత్రకారులతో ఏం పని అని సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. ఆ కుటుంబంలోని చిన్నకొడుకు, చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిక్‌ను 1945లో పెళ్లాడిన నటి దేవికారాణి పుట్టింది మన వాల్తేరులో. ఆ దంపతులు చాలా ఏళ్లు ఉన్నది కనకపుర రోడ్డులోని తాతగుణి ఎస్టేట్‌లో. ఇంత దగ్గరి చరిత్ర మనం తెలుసుకోవద్దా?

ముందు కర్ణాటక చిత్రకళా పరిషత్‌కు వెళ్లి నికోలస్, స్వెతోస్లావ్ తండ్రీకొడుకులిద్దరి చిత్రాలూ చూశాం. వేసవిలో హిమాచల్‌లోని నగ్గర్ యాత్ర. తండ్రి నికోలస్ 1928లో కులు లోయకు చేరి, 1947 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు. ఆయన ఇల్లే ఇప్పుడు మ్యూజియం. కాస్త పైన 'ఉరుస్వతి' పరిశోధన సంస్థ. హిమాలయాల మూలికలు, టిబెట్ వైద్యం, భాషల మీద ఆ కుటుంబమంతా పనిచేసింది. పెద్దకొడుకు యూరి టిబెట్ భాషలో మహా పండితుడు. బొమ్మలోని కొండలను చూసి తలెత్తితే ఎదురుగా నిజం కొండలే. ఏ మహానగరపు మ్యూజియమూ ఈ అనుభవం ఇవ్వలేదని మా అభిప్రాయం.

పరిరక్షణపై పెట్టిన చర్చకు ఊహించినదానికంటే ఎక్కువమంది వచ్చారు. యుద్ధంలో కూడా మ్యూజియాలను, విద్యాలయాలను ముట్టుకోకూడదన్న నికోలస్ ఆలోచనే 1935లో రోరిక్ ఒప్పందమైంది. వాషింగ్టన్‌లో 21 దేశాలు సంతకం చేశాయి. మన దేశపు 1972 పురావస్తువులు, కళాసంపద చట్టం కింద రవివర్మ, అమృతా షేర్‌గిల్ చిత్రాలతో పాటు నికోలస్‌వీ జాతీయ కళాసంపదే. ప్రైవేటు వ్యక్తులు వాటిని అమ్ముకోవడానికి దేశం దాటించకూడదు.

తాతగుణి కథ మాత్రం బాధ కలిగించింది. స్వెతోస్లావ్ 1993లో, దేవికారాణి 1994లో పోయారు. పిల్లలు లేరు. ఆస్తి కోర్టులకెక్కింది. రాష్ట్ర ప్రభుత్వం ఎస్టేట్‌ను స్వాధీనం చేసుకోవడం సరైనదేనని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2011 వచ్చింది. ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరికి చెందాలో మనుషులుండగానే రాసిపెట్టుకోవాలి. అందుకే మన సభ్యుల ఇళ్లలోని పాత ఉత్తరాలు, ఫొటోలు, తాళపత్రాల జాబితా మొదలుపెట్టాం. స్పందన ఇంకా పెరగాలి.

యాత్ర ఖర్చు వెళ్లినవాళ్లే భరించారు, సంఘం నిధులు ముట్టలేదు. లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. వచ్చే ఏడాది ప్రయాగ్‌రాజ్‌లోని అలహాబాద్ మ్యూజియంలో రోరిక్ గ్యాలరీ చూడాలని అనుకుంటున్నాం. రాదలచినవారు ఉగాదిలోపు కార్యదర్శికి పేర్లివ్వండి. జాబితా ఫారాలు ఆఫీసులో ఉన్నాయి.