‘యాప్ ఉంటే వాడతారా?’ అంటే ఎవరైనా వాడతామనే అంటారు

సంపాదక మహాశయా,

స్టార్టప్‌ల గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతుంటాను. నరసరావుపేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టు నాది. కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట రాస్తున్నాను.

రైతుల కోసం యాప్ చేశామంటూ కుర్రాళ్లు మా కొట్టుకు వస్తూనే ఉంటారు. మర్యాదస్తులే. చేతిలో ట్యాబ్, అందులో ఒక ఫారం. ‘మందులు ఇంటికే తెచ్చిస్తే ఆర్డర్ పెడతారా?’ అని అక్కడున్న రైతును అడుగుతారు. ‘ఎందుకు పెట్టం బాబూ’ అంటాడాయన, పిల్లాణ్ని చిన్నబుచ్చడం ఎందుకని. వీళ్లు టిక్కు పెట్టుకుని వెళ్లిపోతారు. ‘పోయినసారి నల్ల తామర పురుగుకు మందు ఎక్కడ కొన్నారు, డబ్బులు ఎప్పుడు కట్టారు?’ అని అడిగితే అసలు సంగతి బయటపడేది. మిర్చి రైతు మందు ఖాతాకు రాయించుకుంటాడు. గుంటూరు మిర్చి యార్డులో కాయ అమ్ముడయ్యాకే లెక్క చూసుకుంటాం. పైగా పురుగు పట్టిన కొమ్మ తుంచి కవరులో వేసుకొస్తాడు, దాన్ని చూసి నేను మందు చెప్పాలి. నాకు చూపించిన ఏ యాప్‌లోనూ అరువుకు చోటు లేదు, కొమ్మకూ లేదు. అప్పు నేను మోయాలి, అమ్మకం వాళ్లు చేసుకుంటారట!

దీపావళికి ఊరెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క పుట్టిన రెడ్‌బస్ కథ చాలామందికి తెలుసు. 2006లో బెంగళూరులో దాన్ని మొదలుపెట్టిన మన ఫణీంద్ర సామ, ఆయన మిత్రులు మొదట ట్రావెల్స్ వాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. వాళ్లు అక్కర్లేదన్నారు. వాళ్ల బాధల్లా ఖాళీగా పోతున్న సీట్లు. అది తెలిశాకే వీళ్లు టికెట్లు అమ్మిపెట్టే పనిలోకి దిగారు. మన కుర్రాళ్లు పండగ ముచ్చట చెప్పుకున్నంతగా ఈ రెండో సగం చెప్పుకోరు.

స్టార్టప్‌లకు చేయూతనివ్వడానికి హైదరాబాద్‌లో టీ-హబ్ ఉంది, ఇటు మన ఆంధ్రలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ వచ్చింది. పెట్టుబడిదారుల ముందు ఎలా మాట్లాడాలో నేర్పనివ్వండి, కాదనను. దానికంటే ముందు ఒక వారం యార్డులోనో, మాలాంటి కొట్లలోనో కూర్చోబెట్టండి. ఆ హబ్‌లలో చెప్పే పాఠాలేవో తెలుగులోనూ అచ్చువేస్తే జిల్లా కాలేజీల పిల్లలకూ అందుతాయి. మా కొట్టుకొస్తే కుర్చీ వేస్తాను, టీ తెప్పిస్తాను. ట్యాబ్ మాత్రం సంచిలోనే ఉండాలి.

మీకూ ఒక మనవి. ఫలానా కంపెనీకి ఇన్ని కోట్లు వచ్చాయని రాసేటప్పుడు, డబ్బిచ్చి కొన్న మొదటి మనిషి ఎవరో, ఆయన రెండోసారి కొన్నాడో లేదో కూడా మీ విలేకరి అడిగి రాస్తే బాగుంటుంది.

– ఒక ఎరువుల వ్యాపారి, నరసరావుపేట