పాప వైద్యానికి పోగైన చందా: జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, అక్కలకు అన్నలకు, గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు నమస్కారం. మన ఊరి రెండేండ్ల పాప లివర్ గడ్డ ఆపరేషన్ కోసం వసూలు చేసిన పైసల లెక్క ఇది.

జమ: ఇంటింటి చందా 1,12,400. గల్ఫ్ తమ్ముళ్లు 64,000. గణేశ్ మండపం యువకులు ఈసారి డీజే మానుకొని 35,000, మన బడి పదో తరగతి పాత బ్యాచ్ 27,000, ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే మనవాళ్లు 18,600. మొత్తం 2,57,000 రూపాయలు.

"ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీలో అయినయి కదా, మరి ఇన్ని పైసలు ఎటు పోయినయి?" అని చాలామంది అడిగారు, అడగాల్సిందే.

తల్లి స్నానం పోస్తుంటే పాప కడుపు కుడి పక్కన గట్టిగా తగిలింది, మొదట నులిపురుగులు అనుకొని మందు వేశారు, తగ్గకపోతే వరంగల్‌లో అల్ట్రాసౌండ్ తీయిస్తే లివర్‌లో గడ్డ అన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు కింద చేరకముందు స్కానింగ్‌లు, రక్త పరీక్షలకు 21,300 అయింది. ఇందులో సీటీ స్కాన్ రెండుసార్లు ఉంది. మొదటి తాప పాప కదలడంతో బొమ్మ సరిగ్గా రాలేదు, పైగా రక్తనాళాలు స్పష్టంగా కనబడే మందు నరంలోకి ఎక్కించి వేర్వేరు దశల్లో తీస్తేనే గడ్డ ఏ రక్తనాళాలకు ఆనుకొని ఉందో తెలుస్తుందట. అందుకే మత్తు ఇచ్చి మళ్లీ తీశారు. ఇట్లాంటి లివర్ గడ్డ ఉంటే రక్తంలో బాగా పెరిగే ఏఎఫ్‌పీ అనే పదార్థాన్ని కొలిచే పరీక్షకు కూడా రెండు బిల్లులు కనబడతాయి, ఎందుకంటే మొదటి ల్యాబ్ "పరిమితి దాటింది" అని మాత్రమే రాసిచ్చింది, డాక్టర్లకేమో కచ్చితమైన అంకె కావాలి, కీమో పనిచేస్తున్నదో లేదో ఆ అంకె తగ్గడాన్ని బట్టే చూస్తారు.

సూది గుచ్చి ముక్క తీస్తే రోగం పాకుతుందని ఊళ్లో కొందరు భయపెట్టారు, తల్లి రెండు రోజులు అన్నం తినలేదు. పిల్లల లివర్‌లో గడ్డలన్నీ క్యాన్సర్ కావు, రక్తనాళాల గడ్డలు కొన్ని మందులతోనే తగ్గుతాయి, ఏదో తేలకుండా కీమో ఎట్లా ఇస్తారు? ఆ ముక్క పరీక్షలో (బయాప్సీలో) హెపటోబ్లాస్టోమా అని తేలింది, మూడేండ్లలోపు పిల్లల్లో వచ్చే లివర్ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. ముందు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇచ్చి గడ్డను చిన్నగా చేసి, తర్వాత లివర్ కుడి భాగం కోసి తీశారు. మిగిలిన లివర్ మళ్లీ పెరుగుతుందని చెప్పారు, పాప ఇప్పుడు ఆడుకుంటున్నది.

హైదరాబాద్‌లో అయిదు నెలలు ఉన్నారు. గది కిరాయి నెలకు 6,500 చొప్పున 32,500, తిండికి 31,200, కాజీపేట నుంచి రైలు, అక్కడ ఆటోలు, జ్వరం వస్తే రాత్రికి రాత్రి కారు కలిపి 38,450. బయట కొన్న మందులు 29,750. సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంటుంది కాబట్టి చెవి పరీక్షలకు 2,400. తండ్రి కైకిలి ఆగింది, ఇంట్లో ముసలవ్వ, ఇంకో పిల్లగాడు ఉన్నారు, వాళ్లకు నెలకు 6,000 చొప్పున 30,000 ఇచ్చాం. ఇది ముందు చెప్పకుండా ఇచ్చాం, తప్పనిపిస్తే మీటింగులో చెప్పండి. రక్తం ఇచ్చిన ఏడుగురు యువకులు బస్ చార్జీలు కూడా తీసుకోలేదు.

మొత్తం ఖర్చు 1,85,600. మిగిలింది 71,400, బ్యాంకులో ఉంది. గడ్డ మళ్లీ వస్తే తొందరగా పట్టుకోవడానికి ఏఎఫ్‌పీ, స్కానింగ్ ఇంకా కొన్నేండ్లు చేయించాలి, ఆ పైసలు వాటికే ఉంచాలని మా మాట. బిల్లుల ఫైలు పంచాయతీ ఆఫీసులో పెట్టాం. ఆదివారం పొద్దున పదింటికి అక్కడే కూర్చుందాం.