పేర్లు ఐదు, పని ఒక్కరిదే

సంపాదకులు గారికి,

ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ కలిసి సమష్టి మేధ (నలుగురి తెలివి కలిపి వాడడం), ఆన్‌లైన్ వ్యాపారం అనే ఒక సబ్జెక్టు పెట్టాలని, దానికి క్రెడిట్లు ఇవ్వాలని కోరుతున్నాను. ఒకచోట కామర్స్ పిల్లలున్నారు, ఇంకోచోట ఇంజినీరింగ్ పిల్లలున్నారు, మన జిల్లాల్లో అమ్మడానికి పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి సామాను ఉన్నాయి. వీళ్లు ఒకరినొకరు కలవకుండానే చదువులు పూర్తవుతున్నాయి.

పదిమంది బుర్రలు కలిస్తే ఒక్కరికి తట్టనిది తడుతుందనేది ఊరికే అనే మాట కాదు. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దును కోశాక మాంసం ఎంత తూగుతుందో జనం చీటీల మీద రాశారు. గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ 787 చీటీలూ వరసలో పెట్టి చూస్తే మధ్యలో పడిన అంచనా 1207 పౌండ్లు, అసలు బరువు 1198. ఎవరి చీటీ వాళ్లు సొంతంగా రాశారు కాబట్టే అంత దగ్గరగా వచ్చింది. 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. గుంపులో అందరికన్నా తెలివైనవాడు ఎవరనే దానికన్నా, అందరికీ మాట్లాడే వంతు వస్తోందా, ఎదుటివాళ్ల మనసు కనిపెట్టగలుగుతున్నారా అనేవే ఆ గుంపు పనితనాన్ని ఎక్కువగా చెప్పాయట.

మా అమ్మాయి కాలేజీలో గ్రూప్ ప్రాజెక్ట్ అంటే ఒకరు రాస్తారు, ఐదుగురు పేర్లు పెట్టుకుంటారు, మార్కులు అందరికీ సమానం. 2020-21లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు, పిల్లలు ఊళ్లలో పనిచేసి రిపోర్టు రాసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పెట్టారు, నిజంగా మంచి ఆలోచన, కానీ మా అమ్మాయి కాలేజీలో ఆ రిపోర్టులు బీరువాలోకి పోతున్నాయి, తర్వాతి బ్యాచ్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను జీతం లేని మనుషులు ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతూ ఇంతదాకా తెచ్చారు. ఈ రిపోర్టులూ అలా అందరూ చూసి దిద్దేలా ఉంచడానికి అడ్డం ఏముంది?

వ్యాపారం వైపు నేర్వాల్సింది బోలెడు. జీడిపప్పు రకాల్లో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అంటే పౌండుకు ఎన్ని పప్పులు తూగుతాయనే లెక్క అని కొనేవాళ్లకు చెప్పడం దగ్గర్నుంచి మొదలవుతుంది. 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితి దాటని చిన్న వ్యాపారి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని ఆన్‌లైన్ ప్లాట్‌ఫారాల మీద అమ్ముకోవచ్చు, కానీ రాష్ట్రం లోపలే. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురానికి ఒక్క ప్యాకెట్ పంపాలన్నా రిజిస్ట్రేషన్ కావాలి. ఇంట్లో జీడిపప్పు ఒలుచుకునే ఆవిడకు ఇది ఎవరు చెప్తారు? బీకాం మూడో ఏడాది పిల్లలకైనా తెలుసా?

సిలబస్ రాసేటప్పుడు, దాన్ని ఖరారు చేసే కమిటీ అయిన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ప్రొఫెసర్లతో పాటు పొందూరులో నూలు వడికే ఒక ఆవిడను, పలాస జీడి వ్యాపారి ఒకరిని కూర్చోబెట్టండి. ప్రాజెక్టులకు మార్కులు వేసేటప్పుడు కూడా వాళ్లనే పిలవండి.

— ఒక విద్యార్థిని తండ్రి,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా