సీటు నంబరు లేని టికెట్

ఇర్వింగ్, టెక్సస్
12 అక్టోబర్ 2025

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మీ గదిలో కొత్త దుప్పట్లు ఎవరు పరచాలా అని పిల్లలిద్దరూ ఇప్పటినుంచే పోట్లాడుకుంటున్నారు. దీపావళి హడావిడిలో పడి అమ్మ మోకాలికి నూనె రాసుకోవడం మానేయకుండా చూడండి నాన్నా.

మొన్న ఫోన్లో మీరు అడిగినదానికి నేను సరిగా చెప్పలేకపోయాను. మధ్యలో లైను కట్ అయింది, మళ్లీ కలిసేసరికి మీకు నిద్రవేళ దాటిపోయింది. అందుకే ఉత్తరంలో తీరిగ్గా రాస్తున్నాను. తమ్ముడి దగ్గరికి వెళ్లడానికి నేను పంపిన షికాగో టికెట్ మీద సీటు నంబరు లేదు, ఇది వెయిటింగ్ లిస్టా, ఆర్‌ఏసీయా అని అడిగారు. రెండూ కాదు. టికెట్ కన్ఫర్మ్ అయింది, విమానంలో మనకి చోటు ఖాయం. అది ఏ చోటన్నది మాత్రం ఎక్కాకే తేలుతుంది. మనం వెళ్లే విమాన కంపెనీ సౌత్‌వెస్ట్ వాళ్ల పద్ధతి అది. లోపలికి వెళ్లి, ఖాళీగా ఉన్న సీట్లలో మనకి నచ్చినదాంట్లో కూర్చోవడమే.

ఈ మాట వినగానే అమ్మకి గుండె దడ మొదలవుతుందని నాకు తెలుసు. కిందటిసారి మీరొచ్చినప్పుడు టికెట్ల మీద నంబర్లు ఉన్నాయి. ఉండి ఏం లాభం? మీకు ముందెక్కడో, అమ్మకి వెనకెక్కడో ఇచ్చారు. అటూ ఇటూ తెలియని మనుషులు, తెలియని భాష. లేవాలంటే పక్కాయన్ని లేపాలి కదా అని మొహమాటపడి, లేవాల్సిన అవసరమే రాకూడదని నీళ్లు కూడా తాగకుండా అన్ని గంటలు కూర్చుంది. దిగేసరికి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు. ఎయిర్‌పోర్టులో ఆ పాదాలు చూసినప్పటి బాధ నాకింకా పోలేదు. ఈసారి హైదరాబాద్ నుంచి ఇక్కడికి మీ ఇద్దరికీ పక్కపక్క సీట్లు ముందే డబ్బు కట్టి తీసుకున్నాను, ఆ భయం అక్కర్లేదు. షికాగోకి రెండున్నర గంటల ప్రయాణమే. అయినా సరే, అమ్మ పక్కన మనవాళ్లెవరో ఒకరు ఉండి తీరాలి. నేను వేసిన ప్లాన్ అంతా దానికోసమే.

మీరు బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేశారు కాబట్టి ఈ పద్ధతి వెనక కథ మీకు నచ్చుతుంది. ఈ కంపెనీ 1971 జూన్ 18న విమానాలు నడపడం మొదలుపెట్టింది, మనం ఎక్కబోయే ఈ డాలస్ లవ్ ఫీల్డ్ ఎయిర్‌పోర్టు నుంచే. అప్పట్లో హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, డాలస్, ఈ మూడు ఊళ్ల మధ్యే తిరిగేవి. ఏడాది తిరిగేసరికి చేతిలో డబ్బు లేక, ఉన్న నాలుగు విమానాల్లో ఒకదాన్ని అమ్ముకోవాల్సి వచ్చింది. ట్రిప్పులు మాత్రం తగ్గించలేదు. మిగిలిన మూడింటితోనే నాలుగింటి పని చేయించారు. ఎలాగంటే, విమానం దిగాక జనాన్ని దించి, కొత్తవాళ్లని ఎక్కించి, 10 నిమిషాల్లో మళ్లీ బయలుదేరదీసేవాళ్లు. ఎవరి నంబరు ఎక్కడుందో వెతుక్కునే పని లేకపోవడం అందుకు బాగా కలిసొచ్చింది. బస్సు డిపోలో నిలబడితే కలెక్షన్ రాదు, రోడ్డు మీద ఉంటేనే వస్తుందని మీరు అనేవారు కదా, అచ్చం అదే లెక్క. ఇప్పుడు విమానాలు పెద్దవి, జనం ఎక్కువ, ఆ 10 నిమిషాలు ఇక కుదరవు. కానీ నంబర్లు లేని పద్ధతి మాత్రం ఇన్నేళ్లూ నిలిచింది.

నంబర్లు లేవంటే తోసుకుని ఎక్కడమని అనుకోకండి. సీటుకి నంబరు లేదు గానీ, లైన్లో మనిషికి ఉంటుంది. బోర్డింగ్ పాస్ మీద ఏ, బీ, సీ అనే అక్షరాల్లో ఒకటి, దాని పక్కన 1 నుంచి 60 లోపు ఒక అంకె వేస్తారు. ముందు ఏ వాళ్లు, తర్వాత బీ, ఆఖరున సీ. గేటు దగ్గర వరసగా స్తంభాలుంటాయి, ఒక్కోదాని మీద 1 నుంచి 5, 6 నుంచి 10 అని రాసి ఉంటుంది. మన అంకె ఉన్న స్తంభం పక్కన నిలబడాలి. అక్కడ ఎవరైనా మీ దగ్గరికొచ్చి ఏదో అడిగితే కంగారు పడొద్దు. మీ నంబరెంత, నేను మీకు ముందా వెనకా అని అడుగుతున్నారంతే. కాగితం చూపిస్తే చాలు, వాళ్లే సర్దుకుని నిలబడతారు. ఎంత రద్దీ రోజైనా ఆ లైను అంత మర్యాదగా కదలడం చూస్తే నాకు చాలా ముచ్చటేస్తుంది. మీకు ఫోన్లో కాకుండా కాగితం మీదే ప్రింట్ తీసిస్తాను.

మంచి అంకె రావాలంటే చెక్-ఇన్ తొందరగా చేయాలి. విమానం టైముకి సరిగ్గా 24 గంటల ముందు అది తెరుచుకుంటుంది. నిమిషం ఆలస్యమైతే అంకె వెనక్కి పోతుంది, అరగంట మర్చిపోతే సీ లో పడ్డా పడొచ్చు. మనం వెళ్లేది నవంబర్ 25, మంగళవారం. 27 గురువారం ఇక్కడ థాంక్స్‌గివింగ్ పండుగ. మనకి సంక్రాంతి ముందు రోజుల్లో బస్సులెలా ఉంటాయో ఆ వారం ఇక్కడి విమానాలు అలా ఉంటాయి. అందుకని మన ముగ్గురికి, అంటే మీకూ అమ్మకీ నాకూ, ఎర్లీబర్డ్ కొన్నాను. అది కొంటే 36 గంటల ముందే వాళ్లంతట వాళ్లే మనకి చెక్-ఇన్ చేసేస్తారు. మనిషికి, ఒక వైపుకి, 15 డాలర్ల దగ్గర మొదలై రద్దీని బట్టి పెరుగుతుంది. డబ్బు దండగ అని మీరంటారని తెలుసు. అమ్మ పాదాలు గుర్తు తెచ్చుకుని ఈ ఒక్కసారికి ఏమీ అనకండి.

మీ అల్లుడికీ పిల్లలకీ కొనలేదు, అవసరం లేదు. ఆరేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలున్నవాళ్లని ఏ వాళ్లందరూ ఎక్కాక, బీ వాళ్లకన్నా ముందు పిలుస్తారు. పెద్దదానికి ఆరు, చిన్నోడికి నాలుగు, ఇద్దరూ అందులోకే వస్తారు. అంటే మనం ముగ్గురం ముందు ఎక్కుతాం, ఆయన పిల్లలతో కాసేపటికి ఎక్కుతారు. ఇవన్నీ బోయింగ్ 737లు. మధ్యలో నడవడానికి దారి, దానికి అటు మూడు సీట్లు, ఇటు మూడు సీట్లు. ముగ్గురు ముగ్గురుగా విడిపోతే ఎవరూ ఒంటరిగా మిగలరు. మనం ఆరుగురం ఉండటం కూడా ఇందుకు భలే కుదిరింది.

ఆయనే మీతో వస్తానన్నారు, పిల్లల్ని నన్ను చూసుకోమన్నారు. నేనే వద్దన్నాను. అల్లుడి పక్కన కూర్చుంటే అమ్మ దాహమేసినా అడగదు.

తువ్వాలు వేసి ఆపొచ్చా అని అడిగారు కదా. కిటికీలోంచి తువ్వాలు వేయడం కుదరదు గానీ, పక్క సీట్లో బ్యాగు పెట్టి ఆపేవాళ్లు ఇక్కడా ఉన్నారు. ఆపకూడదని కంపెనీ రూలు పెట్టలేదు, ఆపొచ్చని కూడా చెప్పలేదు. దానివల్ల మాటా మాటా పెరిగే సందర్భాలుంటాయి. నా ఉద్దేశం ఏమిటంటే, వెనకాలే వస్తున్న భార్యకో భర్తకో ఒక్క సీటు ఉంచుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఒక్క మనిషి ముందెక్కి మొత్తం వరసని పట్టుకుని కూర్చోవడం అన్యాయం. మన తర్వాత వచ్చేవాళ్లూ టైముకి చెక్-ఇన్ చేసుకునో, డబ్బు కట్టో ఆ అంకె తెచ్చుకున్నవాళ్లే. కాబట్టి మనం ఆయన కోసం సీట్లు ఆపడం లేదు.

ఆపాల్సిన అవసరం లేకుండా ఇంకో దారి ఉంది. ముందెక్కినవాళ్లు చాలామంది త్వరగా దిగొచ్చని ముందు వరసల్లోనే కూర్చుంటారు. కిటికీ పక్కన ఒకరు, దారి పక్కన ఒకరు, మధ్య సీటు ఖాళీ. అలా ఒక్కో వరసలో ఒక్కో సీటు మిగులుతుంది, ఒంటరిగా వెళ్లేవాళ్లకి తప్ప ఎవరికీ పనికిరాదు. రెక్కలు దాటి వెనక్కి వెళ్తే వరసలకి వరసలు ఖాళీగా ఉంటాయి. కాబట్టి లోపల అడుగు పెట్టగానే ముందు కనబడిన ఖాళీ దగ్గర ఆగిపోవద్దు. నా వెనకే నడుచుకుంటూ వచ్చేయండి. మనం వెనక సగంలో ఒక వరసలో సర్దుకుంటే, కాసేపట్లో వచ్చే ఆయనకీ పిల్లలకీ పక్కనో, ముందో, వెనకో మూడు సీట్లు దొరుకుతాయి. దిగేటప్పుడు పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతేగా. తమ్ముడు బయట ఎలాగూ ఎదురుచూస్తూ ఉంటాడు.

దారిలో ఒక వరసలో కాళ్లు చాపుకోవడానికి బోలెడు జాగా కనబడుతుంది. మీ కళ్లు అక్కడే ఆగుతాయని తెలుసు నాన్నా. అది ఎమర్జెన్సీ డోరు ఉన్న వరస. అక్కడ కూర్చునేవాళ్లకి 15 ఏళ్లు నిండాలి, సిబ్బంది ఇంగ్లీషులో చెప్పేది అర్థం కావాలి, అవసరమైతే తలుపు తీసి సాయం చేయగలగాలి. అమ్మని అక్కడ కూర్చోనివ్వరు. మనం విడిపోకూడదు కాబట్టి ఆ వరస వదిలేద్దాం. ఇంకో సంగతి, మనం ఎక్కేసరికే లోపల కొందరు కూర్చుని ఉండొచ్చు. వాళ్లు వేరే ఊరి నుంచి వచ్చి ఇదే విమానంలో ముందుకి వెళ్తున్నవాళ్లు.

పిన్ని ఎవరో చెప్పగా విని, అమ్మకి వీల్‌చైర్ పెట్టించమంది, అందరికన్నా ముందే ఎక్కించేస్తారని. నిజమే, సాయం అవసరమైనవాళ్లని, వాళ్లతో ఒక మనిషిని ఏ వాళ్లకన్నా ముందే పంపిస్తారు. అమ్మకి నిజంగా నొప్పి ఎక్కువగా ఉంటే ఒక్క క్షణం ఆలోచించకుండా అడుగుతాను. కానీ రోజూ గుడి మెట్లెక్కి వస్తున్న మనిషిని సీటు కోసం కుర్చీలో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అడుగు తీసి అడుగు వేయలేని పెద్దవాళ్లు ఆ కుర్చీల కోసం ఎదురుచూడటం నేను ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో చూశాను. లవ్ ఫీల్డ్ పెద్దదేం కాదు, నెమ్మదిగా నడుద్దాం.

ఇంత చేసినా ఒకవేళ విడివిడిగా కూర్చోవాల్సి వస్తే కూడా ఆలోచించి పెట్టుకున్నాను. సిబ్బంది ఎవరినీ బలవంతంగా లేపరు, కానీ మర్యాదగా అడిగితే జనం సర్దుకుంటారు. అడిగేటప్పుడు మన మంచి సీటు వాళ్లకిచ్చి వాళ్ల మధ్య సీటు మనం తీసుకోవాలి. మధ్య సీటు చూపించి కిటికీ సీటు ఇమ్మంటే ఎవరిస్తారు? దారి పక్క సీటు నేను తీసుకోవడం అందుకే, ఇవ్వడానికి చేతిలో ఒకటి ఉంటుంది.

తమ్ముడికి ఆవకాయ, సున్నుండలు తెస్తానంది కదా అమ్మ. ఆవకాయ చేతి బ్యాగులో పెట్టకూడదు, సెక్యూరిటీ దగ్గర తీసి పడేస్తారు. అది చెక్-ఇన్ సూట్‌కేసులోనే వెళ్లాలి. సౌత్‌వెస్ట్‌లో మొన్నటిదాకా మనిషికి రెండు పెట్టెలు ఉచితంగా పోయేవి. ఈ ఏడాది మే 28 నుంచి తీసేశారు, ఇప్పుడు మొదటి పెట్టెకి 35 డాలర్లు. అందరి సామానూ కలిపి ఒక్క పెట్టెలో సర్దుతాను. సీసాలొద్దు, ఆవకాయని రెండు మూడు కవర్లలో గట్టిగా ప్యాక్ చేయించి తెండి.

ఇలా నంబరు లేకుండా ఎక్కడం మీకు ఇదే మొదలు, బహుశా ఇదే ఆఖరు కూడా. జనవరి 27 నుంచి సౌత్‌వెస్ట్ కూడా సీటు నంబర్లు ఇవ్వబోతోంది. తమ ప్రయాణికుల్లో 80 శాతం మంది అదే కోరుకుంటున్నారని కిందటేడు చెప్పారు. కాదనను, అమ్మలాంటివాళ్లకి ముందే నంబరు తెలిస్తే ధైర్యంగానే ఉంటుంది. కానీ మంచి సీటు కావాలంటే ఇక డబ్బు కట్టాల్సిందే. పిల్లలతో కలిసి కూర్చోవడానికి డబ్బు కట్టలేని తల్లి, అలారం పెట్టుకుని సరిగ్గా ఆ నిమిషానికి బటన్ నొక్కి తన ముగ్గురికీ ఒక వరస తెచ్చుకోగలిగేది. నాకీ పద్ధతి నచ్చింది అందుకే, పోతోందంటే నిజంగా బాధగా ఉంది. చిన్నోడు పుట్టిన కొత్తలో వాణ్ణి ఎత్తుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని నేనొక్కదాన్నే తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, ముందెక్కిన ఒక ముసలాయన కిటికీ సీట్లోంచి లేచి, వెనక్కి వెళ్లి మధ్య సీట్లో కూర్చుని, ఆ వరసంతా మాకు వదిలేశాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు.

ఇక ఒక్కటి మాత్రం మీరు తేల్చి చెప్పాలి. అమ్మ కిటికీ పక్కన కూర్చుంటుందా, మధ్యలోనా? కిటికీ అయితే బయటికి చూసుకోవచ్చు, తల ఆనించుకోవచ్చు, కానీ లేవాల్సినప్పుడు మీరూ నేనూ ఇద్దరం లేవాలి. మధ్యలో అయితే అటు మీరు, ఇటు నేను, నేనొక్కదాన్నే లేస్తే సరిపోతుంది. మీకు కిటికీ అంటే ఇష్టమని ఆవిడ తనకి వద్దనేస్తుంది. మీరు పక్కన లేనప్పుడు పెద్దక్కతో అడిగించండి, అప్పుడు అసలు సంగతి చెబుతుంది. ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ
చిన్నమ్మాయి