కార్పొరేటర్‌కి చెప్పాల్సిన మాట

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో ఉత్తరాల పేజీ రోజూ చదువుతాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది రాజమండ్రి. 2015లో రాజమహేంద్రవరం అని పేరు మార్చారు, బోర్డుల మీదంతా అలాగే ఉంది, నా నోటికి మాత్రం ఇప్పటికీ రాదు. కంబాలచెరువు దగ్గర ఒక సందులో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. నిజానికి ఇది మీకు రాయాల్సిన ఉత్తరం కాదు. మా కార్పొరేటర్‌కి చెప్పాల్సిన మాట. ఆ మనిషి లేరు కాబట్టి మీకు రాస్తున్నాను.

లేరంటే పోయారని కాదు, నిక్షేపంలా ఉన్నారు. పదవే లేదు. 2014 మార్చి 30న మేం కార్పొరేటర్‌కి ఓటేశాం. అసెంబ్లీ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయని ఫలితాలు మే 12 దాకా ఆపారు. జూలైలో కౌన్సిల్ కూర్చుంది. 2019 జూలైలో ఐదేళ్లూ నిండి లేచిపోయింది. మళ్లీ కూర్చోలేదు. 2021 మార్చిలో రాష్ట్రంలో 12 కార్పొరేషన్లకు ఎన్నికలు పెట్టారు. ఏలూరు వాళ్లు వేశారు, విజయవాడ వాళ్లు వేశారు, విశాఖ వాళ్లు వేశారు. ఆ 12లో మన ఊరు లేదు. శివారు పంచాయతీలు కలపాలా వద్దా అన్నారు, కోర్టు కేసులన్నారు. ఈలోగా 2022లో జిల్లాలు మారి తూర్పుగోదావరికి మన ఊరే కేంద్రమైంది. 2024లో ప్రభుత్వమూ మారింది. మారనిది ప్రత్యేకాధికారి పాలన ఒక్కటే.

మా అమ్మాయికి 26 ఏళ్లు. ఎమ్మెల్యేకీ ఎంపీకీ రెండేసిసార్లు ఓటేసింది. కార్పొరేటర్‌కి ఒక్కసారి కూడా వెయ్యలేదు. మనది ఎన్నో డివిజన్ అని మొన్న అడిగితే కాసేపు ఫోన్లో వెతికి వార్డు సచివాలయం నంబరు చెప్పింది. దాని తప్పేం లేదు. దానికి తెలిసింది అదే.

ఒక మాట ముందే చెప్పాలి. పనులు జరగడం లేదని నేను రాయడం లేదు. మా సందు మొదట్లో వీధిలైటు ఆరిపోతే మా అమ్మాయి ఫోన్లో కంప్లయింట్ పెట్టింది, మూడో రోజు నిచ్చెన బండి వచ్చి వేసి వెళ్లింది. సచివాలయంలో పిల్లలు మర్యాదగా మాట్లాడతారు, సర్టిఫికెట్ అడిగితే ఫలానా రోజున రమ్మని చెబుతారు, ఆ రోజుకి ఇస్తారు. వాళ్ల దగ్గర ఒక జాబితా ఉంటుంది. మన అవసరం ఆ జాబితాలో ఉంటే అయిపోతుంది. ఇబ్బందల్లా జాబితాలో లేని వాటితోనే.

మా సందు సంగతే చెబుతాను. మాది పల్లపు సందు. పై చివర ఇళ్లు ఎత్తులో ఉంటాయి, మా వైపు దిగుడు. పెద్ద వాన పడితే నీళ్లన్నీ మా గుమ్మాల ముందుకొచ్చి ఆగుతాయి. అది ఎవరి తప్పూ కాదు, నీరు పల్లమెరుగు అన్నారు కదా. ఊళ్లో నీళ్లన్నీ ఛానళ్ల గుండా పోయి గోదావరిలో కలవాలి. వరదొచ్చి గోదావరి ఎత్తు పెరిగితే ఆ నీళ్లు ఊళ్లోకి ఎదురు తన్నకుండా తలుపులు దించేస్తారు. సరిగ్గా అదే సమయానికి ఇక్కడ వాన కొట్టిందనుకోండి, మా నీళ్లకి దారి లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక అని టీవీలో రాగానే నేను మిషను కింద ఇటుకలు పెడతాను. మా ఆయన నవ్వుతాడు. ఓసారి పెట్టకపోతే నీళ్లు కింది చక్రం దాకా వచ్చి తోలు బెల్టు నాని సాగిపోయింది. పెళ్లిళ్ల సీజన్, చేతిలో నలభై జాకెట్లు. ఆ రోజు టెన్షన్ నాకు తెలుసు. అప్పుడు మాత్రం నవ్వలేదు లెండి.

ఇప్పుడు మా సందుకి సిమెంటు రోడ్డు వస్తుందంటున్నారు. పై చివర వాళ్లకి సంతోషం, గుంతలు పోతాయి. మా దిగుడు వాళ్లకి భయం, ఎందుకంటే పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే వేస్తే రోడ్డు మా గుమ్మాన్ని దాటి పైకి లేస్తుంది. అప్పుడు నీళ్లు సందులో ఆగవు, తిన్నగా ఇంట్లోకొస్తాయి. నెల క్రితం ఒక కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. కొలతలు తీసుకున్నాడు. మా గుమ్మం రెండో మెట్టు మీద ఎర్ర రంగుతో గీత పెట్టాడు. రోడ్డు ఇక్కడిదాకా వస్తుందా బాబూ అని అడిగాను. మంచి పిల్లాడు, మంచినీళ్లిస్తే తాగాడు. "నాకు చెప్పి లాభం లేదమ్మా, నేను కొలతలు తీసేవాణ్నే" అన్నాడు. మరి ఎవరికి చెప్పాలి అంటే కాసేపు ఆలోచించాడు పాపం. నిజంగానే ఆలోచించాడు. ఏమీ చెప్పకుండానే వెళ్లిపోయాడు.

నేనూ గీతలు గీసేదాన్నే. మా పనిలో ఆది జాకెట్టు లేకుండా గుడ్డ మీద చాక్ పెట్టం. అది కూడా పాతదైతే, ఈమధ్య ఒళ్లు చేశారా అమ్మా, చేతులు వదులు చేయనా అని ఒకటికి రెండుసార్లు అడిగి అప్పుడు కత్తెర పట్టుకుంటాం. అడిగితే పోయేదేముంది? కత్తిరించాక అడిగితే గుడ్డ పోతుంది.

కార్పొరేటర్ ఉన్నప్పుడు ఎలా ఉండేదో మా అమ్మాయి వయసు వాళ్లకి తెలియదు కాబట్టి ఒక ముచ్చట చెబుతాను. అప్పటి మా కార్పొరేటర్ ఆడమనిషి. మొదట్లో పుస్తకం చంకన పెట్టుకుని వాళ్లాయనే తిరిగేవారు. మేమూ ఆయన్నే కార్పొరేటర్ గారు అనేవాళ్లం, సిగ్గు లేకుండా. మా సందులో ఒక మామ్మగారుండేవారు. ఒకరోజు ఆయన్ని ఆపి, "ఏం బాబూ, నేను ఓటు నీకేశానా, మీ ఆవిడకేశానా? కళ్లు సరిగా కనపడక అడుగుతున్నాను" అన్నారు. సందు సందంతా పక్కున నవ్వింది. మర్నాటి సాయంత్రం ఆవిడే వచ్చారు. అప్పట్నించి ఆవిడే వచ్చేవారు. జాకెట్లు కూడా నాకే ఇచ్చేవారు.

ఒక వానాకాలంలో మా ఎదురుగా మురిక్కాలవ మీద స్లాబు విరిగింది. బడి పిల్లాడొకడి కాలు అందులోకి దిగిపోయింది. దెబ్బ పెద్దది కాదు గానీ తల్లి ఏడుపు పెద్దది. ఆ సాయంత్రం ఆవిడ వచ్చి మా కొట్లో స్టూలు మీద కూర్చున్నారు. చుట్టూ ఆరుగురు చేరి ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఒకరు స్లాబు అంటారు, ఒకరు కుళాయి అంటారు, ఇంకొకరు ఇవేవీ కాదు, పోయిన ఎన్నికల్లో ఎవరు ఎవరికి చేశారో అది తీశారు. ఆవిడ పుస్తకంలో రాసుకుని, నెల్లాళ్లలో వేయిస్తానన్నారు. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఆవిడ మా సందులోంచి తిన్నగా నడిచి వెళ్లలేకపోయారు. గుమ్మానికొకరు పలకరించేవారు. మామ్మగారైతే చెయ్యి పట్టుకుని, "ముందు ఆ గుంట చూసి రా అమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అనేవారు. చివరికి ఓ ఉదయం ఆవిడ దగ్గరుండి స్లాబు దింపించి, అక్కడే నిలబడి, "ఇప్పుడు నడవనిస్తారా నన్ను?" అన్నారు.

నేను అడిగేది ఇదే. స్లాబు కాదు, అలా దొరికే మనిషి.

ఇది చదివి మా సందులో ఫ్యాన్సీ కొట్టు ఆయనే ముందు నన్ను వెక్కిరిస్తారని తెలుసు. కార్పొరేటర్లుంటే ఏం ఊడబొడిచారు, కమీషన్లు తినడం తప్ప అని ఆయన మాట. తిన్నవాళ్లు ఉండే ఉంటారు, కాదనను. ఇల్లు కట్టుకునేవాడి గుమ్మంలో వాలేవాళ్ల కథలు రాష్ట్రంలో ఏ ఊరికెళ్లినా వినిపిస్తాయి. కానీ తిన్నవాడి పేరు మనకి తెలుస్తుంది, ఐదేళ్లకి మళ్లీ మన గుమ్మంలోకి రాక తప్పదు. ఇప్పుడు తినేవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఎవర్ని అడగాలో కూడా తెలియదు.

ఎమ్మెల్యే గారు ఉన్నారు కదా అంటారు ఇంకొందరు. మా గుమ్మం రెండో మెట్టు గురించి ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లనా? ఆ బెంచీ మీద ఆపరేషన్ ఖర్చు కోసం వచ్చినవాళ్ల పక్కన కూర్చోడానికి నాకే మొహమాటం.

మా అమ్మాయి చదివి చెప్పింది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలో ఉందట, మున్సిపాలిటీ కాలం ఐదేళ్లే, అది పూర్తయ్యేలోపే కొత్త ఎన్నిక పెట్టాలని. మధ్యలో రద్దు చేసినా ఆరు నెలల్లో పెట్టాలట. ఆరు నెలలు! దానికి నవ్వొచ్చింది, నాకు రాలేదు. కరెంటు బిల్లు ఆరు రోజులు దాటితే మాకు ఫైను పడుతుంది.

2027లో పుష్కరాలొస్తున్నాయి. ఘాట్లు, రోడ్లు అంటూ రోజూ మీ పేపర్లోనే వస్తోంది. 2015 పుష్కరాలప్పుడు కౌన్సిల్ ఉంది. ఉన్నా మొదటి రోజు పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో అంత ఘోరం జరిగింది. కాబట్టి కార్పొరేటర్లు ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయని నేను చెప్పను. కానీ మా వెనక సందు కోటిపల్లి బస్టాండ్ వైపు దగ్గరి దారా కాదా, బారికేడ్ ఎక్కడ కడితే ముసలివాళ్లు ఇరుక్కుపోతారు, ఏ కుళాయికి తెల్లారి నాలుగింటికి నీళ్లొస్తాయి, ఇలాంటివి ఇక్కడ ఉండేవాళ్లకే తెలుస్తాయి. యాభై డివిజన్ల వాళ్లు యాభై రకాలుగా అరిస్తే అందులో పది పనికొచ్చే మాటలైనా దొర్లుతాయి. ఇప్పుడా అరుపే లేదు.

అరవడం చేతకాని ఊరు కాదిది. వీరేశలింగం పంతులు గారు 1881లో ఇక్కడే మొదటి వితంతు వివాహం చేయిస్తే ఊరు ఊరంతా ఆయన మీద పడింది, ఆయనా ఊరుకోలేదు. అంత దూరం ఎందుకు, దసరాకి దేవీచౌక్‌లో నాటకాలు చూడ్డానికి వెళ్లండి. పద్యం బాగుంటే వన్స్ మోర్ అంటారు. రాగం తప్పితే ముందు వరసలో పెద్దాయన మొహమాటం లేకుండా చెయ్యి ఊపేస్తారు. కృష్ణుడి వేషంలో ఉన్నాయన కూడా తగ్గి మళ్లీ ఎత్తుకోవడం నేను కళ్లారా చూశాను. స్టేజీ మీద మనిషి ఉన్నాడు కాబట్టి ఎత్తుకున్నాడు.

అధికారంలో ఉన్న పార్టీకి, లేని పార్టీకి, రెండింటికీ ఇదే నా మనవి. ఆ కేసులేవో తేల్చుకుని, పుష్కరాల పనుల టెండర్లన్నీ అయిపోకముందే ఎన్నిక తేదీ చెప్పండి. మా డివిజన్‌కి ఎవరు నిలబడినా నాకు అభ్యంతరం లేదు. ఆడవాళ్ల సీటైతే ఆవిడే రావాలి, అంతే. మామ్మగారు ఇప్పుడు లేరు, ఆ ప్రశ్న ఈసారి నేనే అడగాలి.

నిన్న గుమ్మం కడుగుతుంటే ఆ ఎర్ర గీత ఎంత రుద్దినా పోలేదు. పక్కింటి వదిన చూసి, ఎవరికైనా చెప్పావా అని అడిగింది. పేపరుకి రాస్తున్నానన్నాను. "అయితే స్లాబు మళ్లీ బీట తీసింది, అదీ రాయి" అంది. రాశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కంబాలచెరువు, రాజమండ్రి.